నంద్యాలలో హీటెడ్ సీటు

"నంద్యాలలో బండికి హీటెడ్ సీటా? నీకేమన్నా పిచ్చా?" అని అడగనివాడు పాపాత్ముడు. నిజమే మరి, ఏప్రిల్ మే నెలల్లో ఎండ 45 డిగ్రీలు దాటే ఊరు మాది. మధ్యాహ్నం పూట బస్టాండు దగ్గర పది నిమిషాలు బండి ఆపితే చాలు, ఏ వైరూ లేకుండానే హీటెడ్ సీటు తయారు :)

గోల్డ్ వింగ్, బీఎండబ్ల్యూ లాంటి టూరింగ్ బళ్లకి చలిదేశాల్లో ఈ సౌకర్యం కంపెనీ నుంచే వస్తుంది. నాది అంత గొప్ప బండి కాదు. ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అతను భార్యతో లదాఖ్ వెళ్తూ, వెనక సీటు తోలు కింద ఒక హీటింగ్ ప్యాడ్ బయట షాపులో పెట్టించాడట. నేనైతే దాన్ని పట్టించుకునేవాణ్ని కాదు. కానీ మా నాన్నకి నడుం నొప్పి. డిసెంబరులో తెల్లవారుజామున బండి మీద అహోబిలం పోదామని ఆయన కోరిక. కారులో పోదామంటే ససేమిరా. సరే, వెనక సీటు వెచ్చగా ఉంటే నడుముకి కాస్త హాయిగా ఉంటుంది కదా అనుకున్నాను.

స్విచ్ వేస్తే సీటు గోరువెచ్చన. పావుగంట ఆగినా అంతే.

ఇక మన ఇంజనీరు బుర్ర పని మొదలెట్టింది. ఆ ప్యాడ్‌లో రెండు హీటింగ్ తీగలున్నాయి. ఒక్కోటి 8 ఓమ్‌లు. స్విచ్ 'హై'లో పెడితే రెండూ పారలల్‌లో, అంటే 4 ఓమ్‌లు, 12 వోల్టుల మీద 36 వాట్లు. 'లో'లో పెడితే రెండూ సిరీస్‌లో, అంటే 16 ఓమ్‌లు, 9 వాట్లు. కాబట్టి ఒక తీగ తెగిపోయుంటే హైలో సగం వేడే వస్తుంది. "ఆహా, తీగ తెగింది" అని తేల్చేసి కొత్త ప్యాడ్ తెప్పించాను. మార్పు లేదు. స్విచ్ మార్చాను. మార్పు లేదు. చివరికి బ్యాటరీ కూడా మార్చాను. వెరసి ఏడు వేలు వదిలాయి, సీటు మాత్రం గోరువెచ్చనే.

వైరింగ్ చూడలేదా అంటారేమో. ఎందుకు చూడలేదూ! సీటు తీసి, ప్యాడ్ కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి చూశాను. 12.6 వోల్టులు, శుభ్రంగా. "వైరింగ్ ఓకే" అని సంతకం పెట్టేశాను. మన ఆఫీసుల్లో "మా వైపు అంతా బాగానే ఉంది" అని టికెట్ మూసేస్తాం చూడండి, అచ్చం అలాగే.

ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు చెప్పాలి. 'లో'లో సీటు మామూలుగానే పనిచేస్తోంది. తీగ తెగితే సిరీస్‌లో అసలు కరెంటే పారకూడదు కదా! అంటే నా సిద్ధాంతం తప్పని ఆ సీటు మొదటి రోజే చెప్పింది. నేను వినలేదు. కొత్త సామాను ఆర్డరు పెట్టడం సులువు, కూర్చుని ఆలోచించడం కష్టం.

*

చివరికి గోరువెచ్చని సీటుతోనే బయల్దేరాం. తెల్లవారుజాము ఐదింటికి నంద్యాల దాటాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ 40 కిలోమీటర్ల చిల్లర. కర్నూలు-చిత్తూరు హైవే, ఒకప్పటి 18వ నంబరు, ఇప్పుడు 40. పగలూ రాత్రీ లారీలు. నల్లరేగడి చేల మీంచి సన్నగా పొగమంచు. శిరివెళ్ల దాటాక ముందర ఒక ట్రాక్టర్ ట్రాలీ కనబడింది. వెనక దీపం లేదు, కనీసం రిఫ్లెక్టర్ కూడా లేదు. దగ్గరికి వచ్చాక గానీ తెలియలేదు. గట్టిగా బ్రేకు వేశాను.

నా వెనకాల ఇంకో బ్రేకు కీచుమంది. తర్వాత పొడుగాటి హారన్. లారీ మా పక్క నుంచి వెళ్తుంటే క్లీనరు కుర్రాడు తల బయటపెట్టి అరిచాడు, "బ్రేక్ లైట్ యాడ పెట్టినావురా?" అని.

"వాడికి నిద్రమత్తు, మన లైటు వెలుగుతూనే ఉంది" అన్నాను నాన్నతో. ఆయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆళ్లగడ్డలో ఆపురా, ఎవరికన్నా చూపిద్దాం" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు, ఆ లారీకి నాకూ మధ్యలో కూర్చున్నది ఆయన అని.

ఆళ్లగడ్డలో టీ తాగి, ఆటో ఎలక్ట్రికల్ షాపు తెరిచేదాకా కూర్చున్నాం. షాపాయన దగ్గర మల్టీమీటర్ లేదు. రెండు వైర్లు కట్టిన ఒక ఇండికేటర్ బల్బు ఉంది, అంతే. బండి స్టార్ట్ చేసి ఇండికేటర్ వేయమన్నాడు. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా టెయిల్ ల్యాంపు కొంచెం తగ్గుతోంది, ఆరినప్పుడు పెరుగుతోంది. నేనెన్నడూ చూడలేదు. సీటు ముందు కూర్చున్నవాడికి ఎలా కనబడుతుంది?

సీటు తీయించి, ప్యాడ్ కనెక్టర్‌లో తన బల్బు పెట్టాడు. గుడ్డిగా వెలిగింది. బల్బు రెండో వైరు అక్కణ్నించి తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కి తాకించాడు. భగ్గున వెలిగింది. "ఎర్త్ పోయింది సార్" అన్నాడు. మొత్తం రెండు నిమిషాలు.

"నేను మీటర్ పెట్టి చూశానన్నా, 12.6 చూపించింది" అన్నాను, కొంచెం రోషంగా.

"ఖాళీ బండి ఎవురైనా లాగుతారు సార్. పత్తి బేళ్లు ఎత్తినాక సూడల్ల" అన్నాడు.

సీటు కింద ఒక చిన్న బోల్టు. ప్యాడ్ బిగించినవాళ్లు దాని నల్ల వైరునీ, టెయిల్ ల్యాంప్ ఎర్త్ వైరునీ కలిపి దాని కిందే బిగించారు. ఫ్రేము మీద పెయింటు కూడా గీకలేదు. పైన తుప్పు. షాపాయన పెయింటు గీకి, కొత్త లగ్గు వేసి, టెయిల్ ల్యాంపుకి దాని ఎర్త్ దానికిచ్చాడు. ప్యాడ్‌కి వేరే లావు వైరు బ్యాటరీ మైనస్ దాకా లాగి, కాస్త గ్రీజు పూశాడు. బ్రేకు నొక్కమన్నాడు. వెనక గోడంతా ఎర్రగా అయింది. అయిదు నిమిషాలయ్యాక నాన్న సీటు మీద చెయ్యి పెట్టి, "ఇదిరా వేడంటే" అన్నాడు. బిల్లు 150 రూపాయలు.

*

ఇంటికొచ్చి లెక్క వేశాను, సిగ్గు తీరా. ఆ తుప్పు బోల్టు దగ్గర కేవలం 1 ఓమ్ అడ్డం ఉందనుకోండి. నా డిజిటల్ మీటరుకి అది కనబడదు. ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, సున్నా కరెంటుకి 1 ఓమ్ దగ్గర పోయే వోల్టేజీ కూడా సున్నానే. కానీ హైలో ప్యాడ్ వేస్తే 2.4 ఆంపియర్లు పారతాయి. 2.4 వోల్టులు బోల్టు దగ్గరే పోతాయి. ప్యాడ్‌కి మిగిలేది 9.6. వేడి వోల్టేజీ వర్గం లెక్కన తగ్గుతుంది కాబట్టి 36 వాట్లు కాస్తా 23 అవుతాయి. మిగతా దాంట్లో 6 వాట్ల దాకా బోల్టుని వేడి చేయడానికి పోతాయి. అదే 'లో'లో అయితే 9 వాట్లు 8 అవుతాయి, తేడా తెలియదు. తక్కువ లోడులో బాగుండి ఎక్కువ లోడులో నీరసపడిందంటే అనుమానించాల్సింది ప్యాడ్‌ని కాదు, దారిని.

ఇప్పుడు అసలు విషయం. అదే బోల్టు మీద 21 వాట్ల బ్రేక్ బల్బు కూడా ఉంది. సీటు వేసి ఉండగా బ్రేకు నొక్కితే రెండింటికీ దక్కేది సుమారు 8.6 వోల్టులు. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది. 8.6 దగ్గర మిగిలేది దాదాపు మూడో వంతు. పొగమంచులో లారీ డ్రైవరుకి అది బ్రేక్ లైటో, టెయిల్ లైటో ఎలా తెలియాలి? పాపం, ఆ క్లీనరు కుర్రాడు నిజమే చెప్పాడు. నా అంతట నేను నాన్న నడుముకి వేడి పెట్టాలని స్విచ్ వేసి, ఆయన వెనకున్న లైటు ఆర్పాను.

నా మటుకు నాకు అర్థమైందేమిటంటే, సుఖం తగ్గితే మనం అరుస్తాం, భద్రత తగ్గితే మనకి తెలియదు. సీటు చల్లగా ఉంటే కూర్చున్నవాడికి వెంటనే తెలుస్తుంది. బ్రేక్ లైటు గుడ్డిదైతే వెనకవాడికే తెలుస్తుంది, అదీ ఆఖరి క్షణంలో. కాబట్టి చిన్న సౌకర్యం ఏదైనా నీరసపడితే "దీన్ని మారుస్తే పోతుంది" అనుకోకుండా "ఈ తీగ మీద ఇంకా ఏమేమున్నాయి?" అని అడగాలి. మన సర్వర్లూ అంతే. పింగ్ చేస్తే పలుకుతుంది, హెల్త్ చెక్ పచ్చగా ఉంటుంది, అంటే ఖాళీ బండి లాగి చూశామన్నమాట. రిపోర్టు పేజీ నెమ్మదిగా వస్తోందని మేనేజరు గోల పెడితే ఆ పేజీని తిరగరాస్తాం. అదే డేటాబేస్ కనెక్షన్ల మీద బతికే పేమెంట్లు ఎన్ని మధ్యలో పోతున్నాయో ఎవరూ చూడరు. డబ్బు పోయిన కస్టమరు అరవడు, వేరే దుకాణానికి పోతాడు.

సామాను మార్చడం ఎప్పుడూ తప్పంటారా అని అడగొచ్చు. కాదు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ముందు రీస్టార్ట్ చేయాల్సిందే. కానీ దాన్ని బాగుచేయడం అని పిలవకండి.

ఇలాంటి సీటున్నవాళ్లకి ఒక్క మాట. ఇంజను నడుస్తుండగా, సీటు హైలో ఉండగా, మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ప్యాడ్ నల్ల వైరు మీద పెట్టండి. తర్వాత ప్లస్ వైపు కూడా అలాగే చూడండి. ఏ వైపైనా అర వోల్టు దాటితే అక్కడే దొంగ ఉన్నాడు. ప్యాడ్‌కి ఫ్యూజూ, రిలే, ఎర్తూ వేరుగా ఇవ్వండి. లైట్ల వైర్ల జోలికి పోనివ్వకండి.

హీటెడ్ సీటు లేనివాళ్లు కూడా ఈ రాత్రి బండి వెనక భాగాన్ని గోడ వైపు తిప్పి, ఇంజను ఆన్ చేసి, ఉన్న లైట్లన్నీ వేసి బ్రేకు నొక్కి చూడండి. వెనక ఎవర్ని కూర్చోబెట్టుకుంటారో ఒకసారి గుర్తు చేసుకుని మరీ చూడండి.