కిరణ చికిత్స – కుటుంబ ధర్మం

వ్యాధిని మనం సాధారణంగా దేహానికి సంబంధించిన విషయంగానే భావిస్తాం. కాని కొన్ని వ్యాధులు దేహంతోపాటు కాలాన్ని కూడా కబళిస్తాయి. క్యాన్సరుకు చేసే రేడియేషన్ చికిత్స ఇందుకు చక్కని ఉదాహరణ. యంత్రం కింద రోగి పడుకొనేది కొన్ని నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం చాలామంది రోగులు వారానికి అయిదు రోజుల చొప్పున, మూడు నుండి ఏడు వారాలపాటు ఆసుపత్రికి వెళ్లి రావలసి ఉంటుంది. పిల్లలను పెంచుతూ, వండి వడ్డిస్తూ, పొలం పనికి పోతున్న ఒక తల్లికి ఈ చికిత్స అవసరమైనప్పుడు ఆ వారాల భారాన్ని ఎవరు మోయాలి? అది ఆమె ఒక్కతెది కాదనీ, కుటుంబానిదీ, ఊరిదీ, ప్రభుత్వానిదీ కూడాననీ నా అభిప్రాయం.

ఈ చికిత్స వెనుక ఉన్న శాస్త్రాన్ని ముందుగా తెలుసుకోవాలి. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. కొద్దికాలంలోనే ఈ కిరణాలు వైద్యుల చేతిలో ఆయుధాలయ్యాయి. ఇవి కణంలోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. ఆరోగ్యవంతమైన కణాలు ఆ దెబ్బనుండి చాలావరకు కోలుకొంటాయి. క్యాన్సర్ కణాలు అంతగా కోలుకోలేవు. అందుకే మొత్తం మోతాదును ఒక్కసారిగా ఇవ్వక చిన్న చిన్న భాగాలుగా పంచి ఇస్తారు. అనుకోని విరామాలు పెరిగితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ వృద్ధి చెందే అవకాశం ఉంటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు రేడియేషన్ అంతా ఎనిమిది వారాలలోపు పూర్తికావాలని వైద్యులు పట్టుపట్టడానికి కారణమిదే.

నన్నయ భారతంలో అరణ్యపర్వ శేషం అసంపూర్తిగా మిగిలిపోయింది. తిక్కన విరాటపర్వం నుండి ఆరంభించాడు. పదునాలుగవ శతాబ్దంలో, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన వచ్చి ఆ లోటును పూరించాడు. కావ్యం సుమారు మూడువందల ఏండ్లు వేచి ఉండగలిగింది. మధ్యలో ఆగిన చికిత్స మూడు వారాలు కూడా వేచి ఉండలేదు. దానిని పూరించడానికి మరొక ఎఱ్ఱన రాడు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో కాలాన్ని కొలిచేవి పత్తి, మిరప పంటలే. పత్తి తీతలు ముగిసీ ముగియకముందే మిరప కోతలు మొదలవుతాయి. కోసిన కాయను కల్లాల్లో ఎండబెట్టాలి, తాలుకాయ ఏరాలి, గుంటూరు యార్డుకు తరలించాలి. ఈ పనులలో అధిక భాగం స్త్రీలవే. కూలి దొరికే నెలలు అవే. అప్పు తీరే నెలలూ అవే. అటువంటి సమయంలో “ఈ కోత కానిచ్చి ఆసుపత్రికి పోతాను” అనే మాట ఇల్లాలి నోట వెలువడితే, దానిని అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు. అది ఇంటి లెక్క తెలిసిన మనిషి మాట. ఆ లెక్కను మార్చకుండా ఆమెకు హితబోధ చేయడం వల్ల ప్రయోజనం లేదు.

ప్రభుత్వం చేసినది స్వల్పమేమీ కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో కొనసాగుతూ, పేదలకు క్యాన్సర్ చికిత్సను అందుబాటులోకి తెచ్చింది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఆవరణలో నాట్కో సంస్థ తోడ్పాటుతో క్యాన్సర్ కేంద్రం ఏర్పడింది. అయితే యంత్రానికయ్యే ఖర్చు వేరు, యంత్రం దాకా చేరడానికయ్యే ఖర్చు వేరు. రోగి కూలి పోతుంది. తోడు వచ్చిన వారి కూలి కూడా పోతుంది. పిల్లల ఆలనాపాలనా ఏ పథకపు లెక్కలోనూ పూర్తిగా ఇమడదు.

“ఆ ఆరు వారాలు పట్నంలోనే ఉండిపోవచ్చు కదా!” అని కొందరంటారు. చంటిబిడ్డ తల్లికి అది సాధ్యమా? “రోజూ వచ్చి పోవచ్చు కదా!” అని మరికొందరంటారు. గిద్దలూరు, మార్కాపురం, దొనకొండ, వినుకొండల మీదుగా గుంటూరు చేరే రైలుమార్గం ఉన్నమాట నిజమే. కాని నీరసించిన మనిషి రోజూ అంతదూరం ప్రయాణించడం సులభం కాదు. కాబట్టి రెండు ఏర్పాట్లూ ఉండాలి. దూరప్రాంతాల వారికి పిల్లలతో సహా తలదాచుకొనే వసతిగృహం ఆసుపత్రి చెంతనే ఉండాలి. దగ్గరి వారికి రైలు, బస్సు వేళలను గమనించి రోజూ ఒకే సమయం కేటాయించాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. రోజుల సంఖ్యను తగ్గించడానికి శాస్త్రజ్ఞులు కూడా కృషి చేస్తున్నారు. రొమ్ము క్యాన్సరుకు అయిదు వారాల చికిత్స బదులు మూడు వారాలు సరిపోతాయని బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. కొందరు రోగులకు ఒక్క వారంలో అయిదు విడతలు చాలునని 2020లో వెలువడిన మరొక పరిశోధన సూచించింది. తనకు ఏది తగినదో వైద్యుని అడిగి తెలుసుకొనే హక్కు ప్రతి రోగికీ ఉంది.

ఇక ఇంటివారి వంతు. పల్లెల్లో ఈ చికిత్సను “కరెంటు పెట్టడం” అంటారు. ఆ పేరు వల్ల అపోహలు పుట్టాయి. బయటి యంత్రం నుండి ఇచ్చే కిరణాలు రోగి శరీరంలో నిలిచి ఉండవు. ఆ తల్లి ఇంటికి వచ్చి బిడ్డను నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. శరీరం లోపల మందు పెట్టే పద్ధతులలో మాత్రం వైద్యులు చెప్పిన జాగ్రత్తలు పాటించాలి. చర్మంపై వైద్యులు గీసిన గుర్తులు చెరిగిపోకుండా చూసుకోవాలి. కందిన చర్మానికి వదులైన నూలుబట్టలే హితం. నోటికి, గొంతుకు చికిత్స పొందేవారు పుండ్ల వల్ల కారం తినలేరు. కారం లేనిదే ముద్ద దిగని ఈ సీమలో వారికోసం విడిగా ఇంత మెత్తటి పెరుగన్నం కలిపి పెట్టడం కూడా వైద్యంలో భాగమే. వారాలు గడిచేకొద్దీ పెరిగే అలసటను సోమరితనంగా భావించరాదు. చికిత్స ముగిసిన తరువాత కూడా అది కొన్ని వారాలు ఉండవచ్చు.

క్యాన్సరును దాచవలసిన కళంకంగా చూడడం మరొక దోషం. నందమూరి బసవతారకం 1985లో ఈ వ్యాధితోనే మరణించారు. 2000లో హైదరాబాదులో ఆమె పేరిట క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. సినీనటి గౌతమి తన 35వ ఏట రొమ్ము క్యాన్సర్ బారినపడి, చిన్న కుమార్తెను పెంచుకొంటూనే చికిత్స పొంది కోలుకొన్నారు. ఆ అనుభవాన్ని బహిరంగంగా చెప్పి, ఇతర రోగులకు అండగా ఒక సంస్థను స్థాపించారు. చెప్పుకొన్న బాధకు సాయం అందుతుంది. దాచుకొన్న బాధ దాచిన వారినే దహిస్తుంది.

విద్యార్థులారా! మీ వీధిలో ఇటువంటి తల్లి ఉంటే ఓదార్పు మాటలతో సరిపెట్టకండి. ఆమెతో ఆసుపత్రికి వెళ్లే వారి జాబితా ఒకటి తయారుచేయండి. వారానికి అయిదు రోజులు, రోజుకొకరు. ఆమె పిల్లలను బడికి పంపే బాధ్యత ఒకరు, రాత్రి వంట మరొకరు తీసుకోవచ్చు. మిరప కోత రోజుల్లో ఇరుగుపొరుగు వారు బదులు పనులు చేసుకోవడం మన పల్లెలకు తెలిసిన పద్ధతే. పంట చేజారకూడదని ఏర్పడిన ఆ పద్ధతిని ఒక ప్రాణం చేజారకుండా ఉపయోగించడం మనకు అసాధ్యం కాదు.