పాల లెక్క పక్కనే ఈత లెక్క

ఏడాదిలో వెయ్యి మైళ్లు ఈదేవాళ్లున్నారంటే నమ్ముతారా? ఒలింపిక్స్‌కి తయారయ్యే పిల్లల సంగతి కాదు నేను చెప్పేది. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని స్కూళ్లలో దింపుతూ, మోకాళ్ల నొప్పులకి మాత్రలు మింగుతూ ఉండే మామూలు మనుషుల గురించి!

అమెరికాలో యు.ఎస్. మాస్టర్స్ స్విమ్మింగ్ అని ఓ సంస్థ ఉంది. 1970లో టెక్సాస్‌ రాష్ట్రంలోని అమరిల్లోలో పెద్దవాళ్లకని ప్రత్యేకంగా ఈత పోటీలు పెట్టారు. అక్కడ మొదలైందిదంతా. పద్దెనిమిదేళ్లు నిండిన వాళ్లెవరైనా చేరొచ్చు. తొంభై దాటినవాళ్లు కూడా ఉన్నారు. ఆ సంస్థ 'గో ద డిస్టెన్స్' అని ఒకటి నడుపుతోంది. జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు ఎవరెంత దూరం ఈదితే అంత ఎవరికి వారే రాసుకోవాలి. పక్కన నిలబడి లెక్కపెట్టేవాళ్లు ఉండరు. ఎంత వేగంగా ఈదారని అడిగేవాళ్లూ ఉండరు. యాభై మైళ్లు పూర్తయితే ఒక మెట్టు. అలా మెట్టు మీద మెట్టు ఎక్కుతూ వెయ్యి, ఆ పైన కూడా వెళ్లేవాళ్లున్నారు.

వెయ్యి మైళ్లంటే 1,609 కిలోమీటర్లు. ఒక్కరోజు కూడా మానకుండా రోజుకి 4.4 కిలోమీటర్లు ఈదితే తేలే లెక్క అది. 25 మీటర్ల పూల్‌లో ఈ చివర నుంచి ఆ చివరికి 176 సార్లు! ఓ మాదిరి వేగంతో ఈదేవాళ్లకి రోజూ గంటన్నర నీళ్లలోనే గడిచిపోతుంది. పూల్‌కి వెళ్లడం, రావడం, తల ఆరబెట్టుకోవడం దీనికి అదనం. నిజం చెప్పొద్దూ, ఆ లెక్క చూడగానే నాకు అనిపించింది ఒకటే... 'ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారో!'

నవ్వుకోండి ఫరవాలేదు. కానీ అసలు సంగతి అక్కడే ఉంది. ఈత దూరం లెక్క రాసుకోవడం అంటే మన చేతిలో ఎంత టైముందో లెక్క రాసుకోవడమే. బరువు తూచే మెషీన్ అబద్ధం చెప్పకపోయినా మనసు విరిచేస్తుంది. ఈత లెక్క అలా కాదు. ఈ వారం ఎన్ని గంటలు నా కోసం నేను వాడుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతుంది. పిల్లల పరీక్షల నెలలో సున్నాలు. పండక్కి చుట్టాలొస్తే సున్నాలు. ఇంట్లో ఎవరు మంచం పట్టినా మనకే సున్నాలు!

ఇక మన పూల్స్ సంగతి చూద్దాం. నాకు తెలిసిన ఒక మునిసిపల్ పూల్‌లో 'లేడీస్ టైమ్' మధ్యాహ్నం ఒక్క గంట. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు! ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఆ టైముకి ఎలా వెళ్తారు? ఇంట్లో ఉండేవాళ్లకి అది స్కూలు నుంచి పిల్లలొచ్చే వేళ. పైగా ఆడ కోచ్ సెలవు పెడితే ఆ గంట కూడా రద్దు. పొద్దున్నా సాయంత్రమూ చల్లటి వేళలన్నీ మగవాళ్లవే. తీరా 'ఆడవాళ్లు రావడం లేదండీ, అందుకే టైము తగ్గించాం' అంటారు. రాలేని టైము ఇచ్చి రావడం లేదనడం భలే న్యాయం.

పల్లెల్లో కూడా కథ ఇదే కదా! నడుముకి బెండ్లు కట్టుకుని మోటబావిలో దూకి ఈత నేర్చుకున్న అమ్మాయిలు మన పెద్దవాళ్లలో ఎంతమందో. పెద్దమనిషి కాగానే 'ఇక చాలు, ఒడ్డున కూచో' అన్నారు. ఆ బావులు కూడా చాలా చోట్ల ఎండిపోయాయి.

'ఈ వయసులో ఈతేమిటమ్మా' అనేవాళ్లకి ఇద్దరి పేర్లు చెబుతాను. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదేశారు. 2025 జనవరి నాటికి విశాఖ నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్లు సముద్రంలో, రోజుకి కొంత చొప్పున పూర్తిచేశారు. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. జపాన్‌కి చెందిన మియెకో నగావొకా అనే ఆవిడ మోకాలి నొప్పి తగ్గాలని ఎనభైల్లో ఈత మొదలుపెట్టింది. 2015లో, నూరేళ్ల వయసులో, 1,500 మీటర్లు వెల్లకిలా ఈది పూర్తిచేసింది. గంటా పదహారు నిమిషాలు పట్టింది. పట్టనీండి!

వీళ్లలా సముద్రాలు దాటమనడం లేదు. వెయ్యి మైళ్ల వెంట పడమనడం అంతకన్నా లేదు. అంకె మీద మోజు పెరిగితే ఒళ్లు వినదు. ఒకేసారి దూరం పెంచేవాళ్లకి ముందు మొరాయించేది భుజం. చెయ్యి తలమీదికి ఎత్తి జడ వేసుకోవడం కూడా కష్టమవుతుంది. కొద్దికొద్దిగా పెంచుకోవాలి, నొప్పి అనిపిస్తే ఆగాలి. ఇంకోమాట. నీళ్లు మన బరువు మోస్తాయి కాబట్టి మోకాళ్లకి హాయి. ఎముకలకి మాత్రం ఆ హాయి సరిపోదు. నెలసరి ఆగిపోయిన వయసులో ఎముక గట్టిపడాలంటే నడక, కాస్త బరువులెత్తడం కూడా ఉండాలి. ఈత ఒక్కటే అన్నీ చూసుకుంటుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

నన్నడిగితే మనకి ఆ మొదటి మెట్టు, యాభై మైళ్లు చాలు. అంటే 80 కిలోమీటర్లు. వారానికి మూడురోజులు వెళ్తే, వెళ్లినప్పుడల్లా 25 మీటర్ల పూల్‌లో 21 సార్లు. మధ్యలో ఆగి గోడ పట్టుకుని పక్కావిడతో కబుర్లు చెప్పినా ముప్పావుగంటలో అయిపోతుంది. ఈత రాకపోతే మొదటి ఏడాది నేర్చుకోవడానికే పోనీండి. నీళ్లలో ఉన్న నిమిషాలు రాయండి.

రాయడానికి కంప్యూటర్లూ, ల్యాపులు లెక్కపెట్టే వాచీలూ అక్కర్లేదు. వంటింట్లో కేలెండర్ ఉంది కదా! పాలవాడు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనమ్మాయి నాగాలు... అన్నీ దాని మీదే రాస్తాం. అదే గడిలో ఓ మూల ఈత అంకె వేయండి.

వెళ్లని రోజు గడి ఖాళీగా వదలొద్దు. ఎందుకు వెళ్లలేదో రెండు ముక్కలు రాయండి. 'అత్తయ్యకి జ్వరం', 'ఆయనకి క్యాంపు', 'పూల్ బంద్', 'కోచ్ రాలేదు'. మూడునెలలు గడిచాక కేలెండర్ తీసి లెక్కేయండి. ఇంటివల్ల ఆగినవి ఎన్నో, ఆ పన్లు ఎవరితో పంచుకోవాలో రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి. పూల్ వల్ల ఆగినవి తేదీలతో సహా కాగితం మీద రాసి, మీతో వచ్చే నలుగురైదుగురి సంతకాలు పెట్టించి, పొద్దున ఆరింటికి ఒక గంట కావాలని మునిసిపల్ కమిషనర్‌గారికి ఇచ్చి రండి. రసీదు అడగడం మరిచిపోకండి.