శాసనంలో పేరు, దస్తావేజు మీద వేలిముద్ర

భూమి హక్కుల గురించి సూర్యాపేటలో జరిగిన ఒక సమావేశంలో ఓ ఉపాధ్యాయురాలు లేచి నన్నడిగింది: "మన దగ్గర ఒకప్పుడు ఆడవాళ్ళు గుళ్ళు కట్టించారు, రాజ్యాలేలారు. అప్పటి గౌరవం ఇప్పుడేమైంది మేడం?" ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది కాకతీయుల సామంతుడు రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని. దేవుడి పేరులోనూ ఆమె పేరే ఉంది. అయినా ఆ ప్రశ్నకు "అవునమ్మా" అని తలూపి కూర్చోలేకపోయాను.

మిర్యాలగూడ మీదుగా కృష్ణ ఒడ్డుకు వెళితే మరో తొమ్మిది వందల ఏళ్ళు వెనక్కి పోతాం. మూడో శతాబ్దంలో అక్కడి విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. అతని సోదరి శాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యానికి స్తంభాలిచ్చింది. తన నిర్వాణంతో పాటు పుట్టింటి, మెట్టినింటి క్షేమాన్నీ కోరుకుంది. రాజకుటుంబానికి చెందని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది.

దీన్ని మత సహనం అనేసి ఊరుకోవడం మనకు అలవాటు. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. యాగం రాజు అధికారానికి ముద్ర వేస్తుంది. కానీ రాజ్యం నిలబడాలంటే బౌద్ధాన్ని ఆదరించే వర్తకుల, గృహస్థుల మద్దతూ కావాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళ భక్తి ద్వారా జరిగింది. వాళ్ళ విశ్వాసం నిజమైనదే, అది పాలనకు ఉపయోగపడిందన్నదీ నిజమే. స్త్రీ చేతికి సంపద అందింది, ఇచ్చేయడానికి.

పాలించవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. 1262 నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలిన రుద్రమదేవి చాలా శాసనాల్లో రుద్రదేవ మహారాజు! దానం చేయడానికి ఆడపేరు సరిపోయింది, ఏలడానికి మగపేరు కావలసి వచ్చింది. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం కూడా ఈ ప్రాంతంలోదే, నకిరేకల్ దగ్గర.

ఎరకసాని పేరు చివరి 'సాని' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. స్వామికి స్త్రీరూపమది. ఆనాడు సామంతుల ఇళ్ళ స్త్రీలకూ, గుడిలో సేవ చేసే స్త్రీలకూ వాడిన గౌరవవాచకం. తర్వాత మన నోళ్ళలోనే అది తిట్టయింది. దేవుడికి ఆడపిల్లల్ని అంకితమిచ్చే ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం తేవలసి వచ్చింది. 'దొరసాని'లో మాత్రం ఆ గౌరవం చెక్కుచెదరలేదు. నిజాం కాలంలో పెళ్ళయిన దొరసానితో పాటు అత్తవారింటికి 'ఆడబాప'గా పంపిన పిల్లకు ఏ గౌరవవాచకమూ దక్కలేదు. శాసనాలు చదువుతున్నప్పుడు నేను వెతికేది ఆ పిల్లనే. దానమిచ్చిన మడిలో నాటు వేసినవాళ్ళ పేర్లు ఏ రాయి మీదా ఉండవు.

శాంతిశ్రీ విజయపురి నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగిపోయింది. ఆ నీళ్ళే ఎడమ కాలువలో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు పారుతున్నాయి. అక్కడ నాట్లు, కలుపులు ఆడవాళ్ళవే. పట్టాదారు పాసుపుస్తకాలు ఎవరి పేరున ఉన్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. 1986 నాటి రాష్ట్ర సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చింది గానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. కోర్టుల్లో పేచీలు 2020 దాకా సాగాయి.

కోదాడలో ఒకామెను ఈ చట్టం గురించి అడిగాను. ఎడమ కాలువ కింద తన వాటాకొచ్చే రెండెకరాలనూ తమ్ముడికి వదిలేసింది. బలవంతం చేశారా అంటే నవ్వింది. "తమ్ముడే గదమ్మా, ఇచ్చుకున్న. పుట్టింటి తొవ్వ ఉండాలె గద," అంది. విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసిన రోజు తమ్ముడు చీర పెట్టాడట. పెట్టె తెరిచి ఆ చీర చూపించింది. ఇంకా కట్టుకోలేదు.