బండి మనది, పానా మాత్రం వాళ్లదా?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. ఇది ఏ కంపెనీకీ ప్రచారం కాదు, ఏ పార్టీ మీదా కోపం కాదు. మన ఇంటి ముందర నిలబడే చిన్న డీజిల్ బండి గురించి రాస్తున్నా. కొందరు దాన్ని డబ్బా అంటారు, పొగబండి అంటారు. "ఇంకా ఎన్నాళ్లు ఆ పాతదాన్ని పట్టుకుని వేలాడతావు, కొత్తది తీసుకోరాదా" అంటారు. నేను చెప్పేది ఒకటే. సన్నకారు రైతుకి నిజంగా పనికొచ్చిన యంత్రాల్లో ఈ చిన్న బండి ఒకటి. దాని గొప్ప రంగులో లేదు, హార్సుపవర్‌లో లేదు. పాడైతే మన ఊర్లోనే బాగవుతాదన్న ధైర్యంలో ఉంది. ఆ ధైర్యాన్ని మన దగ్గర్నుంచి మెల్లగా గుంజుకుంటున్నారు. నా కోపం దాని మీద.

ముందు లెక్క చూద్దాం. నాకు ఉండేది మూడెకరాలు, టమాటా పెడతా. కోత రోజు పాతిక కిలోల క్రేట్లు ముప్పై దాకా వస్తాయి. అంటే 750 కిలోలు. మా ఊరి నుంచి మదనపల్లె మార్కెట్టు దగ్గర దగ్గర నలభై కిలోమీటర్లు. ట్రాక్టర్‌లో వేసుకుని పోతే మనం చేరేసరికి వేలంపాట సగం అయిపోయి ఉంటాది. లారీ పిలిస్తే ముప్పై క్రేట్లకి వాడు రాడు, ఇంకో నలుగురి సరుకు నిండేదాకా ఆగాల. మూడు చక్రాల ఆటోలో అంత బరువుతో కనుమ ఎక్కడం ప్రాణాలతో ఆట. టమాటా ఎవరి కోసమూ ఆగదు. 2023 జులైలో కిలో వంద దాటిన కాయే, ఇంకో సీజన్‌లో కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తాం. రేటు మన చేతిలో లేదు. కనీసం ఏ పొద్దుకి మార్కెట్టుకి చేరాలన్నది మన చేతిలో ఉండాలంటే సొంత బండి కావాల. ముప్పై క్రేట్లకి సరిపోయే బండి, పెద్దది కాదు.

ఈ సంగతి కంపెనీలకి తెలియక కాదు. 2005 మే నెలలో టాటా వాళ్లు ఏస్‌ని తెచ్చినారు. గిరీశ్ వాఘ్ నాయకత్వంలో ఇంజినీర్లు మూడు చక్రాల బండ్లు నడిపేవాళ్ల దగ్గరికి పోయి, మీకేం కావాలని అడిగి తయారు చేసిన బండి అది. రెండే సిలిండర్లు, 702 సీసీ, 16 హార్సుపవర్, మోసే బరువు ముప్పాతిక టన్ను. ఇండికా కారు డీజిల్ ఇంజిన్‌ని సగం చేసినట్టుంటాది. అప్పట్లో ధర రెండు లక్షల పాతిక వేల చుట్టుపక్కల. ఉత్తరాదిన దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టుకున్నారు, అంటే చిన్న ఏనుగు. తర్వాత అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది, మహీంద్రా వాళ్ల బండ్లు వచ్చినాయి. పాల క్యాన్లు, గడ్డిమోపులు, పూలగంపలు, గొర్రెలు, సిమెంటు, పెళ్లి సామాను, ఇది మోయనిది ఏముంది? లైసెన్సు కూడా పెద్ద తలనొప్పి కాదు. 7,500 కిలోల లోపు బండికి కారు లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చి చెప్పింది.

ఇంక డీజిల్ ఎందుకంటారా? పాత డీజిల్ ఇంజిన్‌లో దాచేది ఏమీ లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతాది, ఆ వేడిలో డీజిల్ చిమ్మితే అదే మండుతాది. స్పార్కు ప్లగ్గు లేదు, కాయిలు లేదు. మెకానికల్ పంపు ఉన్న బండిలో చూడాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డీజిల్ వస్తా ఉందా, ఫిల్టర్ మూసుకుందా, లైనులో గాలి పట్టిందా, నాజిల్ సరిగ్గా చిమ్ముతా ఉందా, అంతే. సెల్ఫ్ పని చేయకపోతే నలుగురు తోస్తే స్టార్ట్ అవుతాది. తక్కువ స్పీడులోనే బలంగా లాగుతాది కాబట్టి బరువుతో చేను గట్టు ఎక్కేటప్పుడు ఇంజిన్‌ని అరిపించే పని లేదు. వెనక కమాన్ పట్టీ విరిగితే మండల కేంద్రంలో దొరుకుతాది. బాడీకి తుప్పు పడితే వెల్డింగ్ షాపోడు అతుకేస్తాడు. నా బండి 2009 మోడల్. దాన్ని ఇన్నేళ్లుగా నడిపిస్తా ఉండేది మా ఊరి బస్టాండు దగ్గర షెడ్డులో ఉండే మెకానిక్. ఆయన చదివింది ఏడో తరగతి. ఇంజిన్ శబ్దం విని రోగం చెప్తాడు.

ఇప్పుడు మారిందేమిటో చూద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 వచ్చింది. బీఎస్4 నుంచి 5ని దాటేసి నేరుగా 6కి దూకినారు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. మంచిదే, నేను కాదనను. పొగ తగ్గాల. నా మనవరాలూ ఈ గాలే పీలుస్తా ఉంది. కానీ పొగ తగ్గించే సామానుతో పాటు ఇంకొకటి బండిలోకి వచ్చి కూర్చుంది. తాళం. ఇంజిన్‌కి కంప్యూటర్, దానికి పదీ ఇరవై సెన్సర్లు, పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్, కొన్నింటికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు. మసి ఫిల్టర్ తనంతట తాను శుభ్రం కావాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేడి మీద నడవాల. మన బండి నడిచేదెట్లా? చేను నుంచి ఇంటికి, ఇంటి నుంచి పాలకేంద్రానికి, రెండు కిలోమీటర్లు పోయి ఆపుతాం. హైవే మీద పరిగెత్తే బండిని మనసులో పెట్టుకుని చేసింది తెచ్చి మన పుంతరోడ్డు మీద వదిలినారు.

పోయిన ఏడాది జరిగింది చెప్తా. మా చిన్నాయన కొడుకు కంతుల మీద కొత్త డీజిల్ బండి తీసుకున్నాడు. కంపెనీ పేరు ఎందుకులే, ఎవరిదైనా కథ ఇదే. తెల్లవారుజామున 28 క్రేట్లతో కనుమ ఎక్కుతా ఉంటే డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. బండి నడుస్తాది గానీ లాగదు. కంప్యూటరే ఇంజిన్ బలం తగ్గించేసింది. కాసేపటికి పూర్తిగా ఆగింది. మా మెకానిక్‌ని బైకు మీద పిలిపించినాం. ఆయన అంతా చూసి, "అన్నా, డీజిల్ వస్తా ఉంది, గాలి వస్తా ఉంది, ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. దాంతో మాట్లాడే మిషను నా దగ్గర లేదు" అన్నాడు. వేరే బండి పిలిపించి సరుకు మార్చి మార్కెట్టుకి పోయేసరికి పాట అయిపోయింది. పొద్దున 420 పోయిన క్రేటు వానికి 210కి పోయింది. 28 క్రేట్లకి 5,880 నష్టం. షోరూముకి లాక్కుపోయినందుకు 4,500. అక్కడ తేలిందేమంటే పొగ గొట్టం దగ్గర ఒక సెన్సర్ పోయింది. సెన్సరూ కూలీ కలిపి 7,200. ఆ సెన్సర్ రావడానికి ఆరు రోజులు. ఈ లోపల మూడు కోతలకి బాడుగ బండి 5,400. మొత్తం 22,980 రూపాయలు. ఆ నెల కంతు మాత్రం ఆగలేదు.

ఇంజిన్ పోయి ఉంటే నేను ఏడ్చేవాణ్ణి కాదు. ఇనుము అన్నాక అరుగుతాది. బాగా ఉన్న ఇంజిన్‌ని వేలెడంత సెన్సర్ నడిరోడ్డు మీద నిలబెట్టడం, ఆ సెన్సర్ పేరేమిటో కూడా మన మెకానిక్‌కి తెలియకుండా దాచడం, దీన్ని టెక్నాలజీ అనాలా?

"అన్నా, నువ్వు కొత్త విద్యకి వ్యతిరేకం" అంటారేమో. కాదు తమ్ముడూ. కంప్యూటర్ ఉండనీ. దాని తలుపు తాళం ఒక్క షోరూమోడి దగ్గరే ఎందుకుండాల? ఇది నా సొంత చాదస్తం కూడా కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి రెండు వేల ఐదొందల కోట్లకు పైగా జరిమానా వేసింది. ఎందుకు? స్పేరు పార్టులు బయట మార్కెట్టులో దొరకనీయడం లేదని, లోపం కనిపెట్టే పరికరాలూ సమాచారమూ బయటి మెకానిక్‌లకి ఇవ్వడం లేదని. కంపెనీలు పైకోర్టులకి ఎక్కినాయి. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ అని కమిటీ వేసింది. బాగు చేయించుకునే హక్కు అన్నమాట. బండ్లు, వ్యవసాయ పనిముట్లు రెండూ దాని జాబితాలో ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ కూడా తెరిచినారు. పోర్టల్ ఢిల్లీలో తెరుచుకుంది, మా ఊరి షెడ్డులో బండి తెరుచుకోలేదు.

ధర సంగతి చూడండి. 2025లో ఏస్ ప్రో అని చిన్న బండి 3.99 లక్షలకి వచ్చింది. పెట్రోలు ఉంది, సీఎన్‌జీ ఉంది, కరెంటు ఉంది, డీజిల్ లేదు. అదే ఏడాది డీజిల్‌లో ఏస్ గోల్డ్ ప్లస్ వచ్చింది, 5.52 లక్షలు. రెండూ షోరూము ధరలే. తేడా లక్షన్నర పైన. యూరియా ద్రావణం పోసే పని లేకుండా చేసినామని ఈ డీజిల్ బండి గురించి కంపెనీయే చెప్పుకుంది. సంతోషం. అంటే ఏమిటి? నిబంధనలు పాటిస్తూనే ఒక బాధ తగ్గించడం వాళ్లకి చేతనవుతాది. టొయోటా వాళ్లు 2023 నవంబరులో థాయిలాండ్‌లో హైలక్స్ చాంప్ అని ఒక పికప్ తెచ్చినారు. అలంకారాలు తక్కువ, బాడీ మనకి కావాల్సినట్టు బిగించుకోవడానికి ముందే బోల్టు రంధ్రాలు, డీజిల్ ఇంజిన్ కూడా ఉంది. మనకంటే పెద్ద బండే, కానీ సాదాగా చేయాలన్న మనసుంటే ఈ రోజుల్లో కూడా చేయొచ్చని చూపించింది.

మరి కరెంటు బండి? టౌనులో ఇంటింటికీ గ్యాసు, నీళ్ల క్యాన్లు వేసేవాళ్లకి అది మంచిదే. రోజుకి ఎన్ని కిలోమీటర్లో ముందే తెలుసు, రాత్రికి ఇంటికొచ్చి చార్జింగ్ పెడతారు. నాకు మాత్రం కోత రోజు రెండు ట్రిప్పులు పడతాయి, ఇంకోరోజు పక్క రైతుకి అర్ధరాత్రి మార్కెట్టు పని పడుతుంది. పెట్రోలు బండి కొనేటప్పుడు చవకే, బరువుతో రోజూ కనుమ ఎక్కితే ఆ చవక బంకు దగ్గర కరిగిపోతాది. నా పనికి డీజిలే కుదురుతాది. మీ పనికి వేరేది కుదిరితే మీరు అదే కొనండి, నాకేం పంతం లేదు.

ఇంకొక మాట కూడా అడగాల. ట్రాక్టర్లకి ట్రెమ్ 4 నిబంధన 2023 జనవరిలో వచ్చినప్పుడు 50 హార్సుపవర్ పైన ఉండేవాటికే పెట్టినారు, చిన్న ట్రాక్టర్లని వదిలినారు. ఎందుకు? రైతు ఆ ధర మోయలేడని. న్యాయమైన మాట. అదే రైతు ట్రాక్టర్ దిగి తన టమాటా తనే చిన్న బండిలో వేసుకుంటే రవాణా వ్యాపారి అయిపోతాడు. దున్నేటప్పుడు అన్నదాత, అమ్ముకునేటప్పుడు ట్రాన్స్‌పోర్టు కంపెనీనా? పంట పండించడం ఎంత వ్యవసాయమో, చెడిపోకుండా మార్కెట్టుకి చేర్చడమూ అంతే వ్యవసాయం.

మనవాళ్లకి కూడా ఒక మాట. 750 కిలోల బండిలో టన్నున్నర వేసి, బ్రేకు పట్టలేదని బండిని తిట్టొద్దు. కూలీలని వెనకాల నిలబెట్టి తీసుకుపోవద్దు, ఎన్ని ప్రాణాలు పోయినాయో రోజూ పేపర్లో చూస్తానే ఉన్నాం. నల్లపొగ కక్కుతా ఉంటే నాజిల్, పంపు చూపించండి. బండి మనదే అన్నాక దాని బాధ్యత కూడా మనదే.

ఇంక అడగాల్సినవి మూడు. ఒకటి, బండి అమ్మిన కంపెనీ లోపాల కోడ్‌ల పట్టిక, వైరింగ్ పటం తెలుగులో కూడా ఇవ్వాల. ఆ కోడ్ చదివే పరికరం ఏ మెకానిక్ అయినా కొనుక్కునే ధరలో బయట అమ్మాల. రెండు, ఇంజిన్‌కి ప్రమాదం లేని సెన్సర్ లోపానికి సరుకుతో ఉన్న బండిని దారిలో ఆపకూడదు. లైటు వెలిగించు, వారం గడువు పెట్టు, కానీ మార్కెట్టు దాకా పోనీ. మూడు, బండికి పదిహేనేళ్లు నిండేదాకా పార్టులు దొరుకుతాయని అమ్మేటప్పుడే రాసివ్వాల.

కొత్త బండి చూడ్డానికి షోరూముకి పోయే తమ్ముళ్లకి చెప్తున్నా. మైలేజీ ఎంత, కంతు ఎంత అని అడిగే ముందు ఇంకోటి అడగండి: "ఇది పాడైతే మా ఊరి మెకానిక్ బాగుచేయగలడా?" వీలైతే ఆ మెకానిక్‌నే వెంట తీసుకుపోండి. పది మంది అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి ఊరుకుంటాడు. వెయ్యి మంది అడిగితే ఆ మాట పైదాకా పోతాది.

మీ బండి ఏ మోడల్, ఏ లోపంతో ఎన్ని రోజులు షోరూములో పడి ఉంది, ఎంత ఖర్చయింది, కింద కామెంట్లో రాయండి. తిట్లు వద్దు, లెక్కలు రాయండి. అవన్నీ ఒకచోట చేర్చి ఆ రైట్ టు రిపేర్ వాళ్లకీ, మన ప్రజాప్రతినిధులకీ పంపుదాం. నచ్చితే మీ ఊరి మెకానిక్‌కి కూడా ఒకసారి చదివి వినిపించండి.