విశ్వవిద్యాలయానికి బొమ్మల మ్యూజియం ఎందుకు?

మా వూరి పద్మశాలీల వాడకు కొన్నేండ్లకు ఒకసారి కూనపులి వారు వచ్చేవారు. రాత్రి పొద్దుపోయాక వాకిట్లో రెండు గుంజలు పాతి, పటం కట్టి, చేతికర్రతో ఒక్కొక్క బొమ్మను చూపుతూ మార్కండేయ పురాణం చెప్పేవారు. అది చేర్యాల నకాషీలు గీసిన పటం. గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూసి, ఆరిన తరువాత ఎర్రటి నేల మీద దేవతలను, మునులను, మగ్గాలను గీసేవారు. బడిలో చదువుకునే రోజుల్లో నేను దానిని చివరిసారి చూశాను.

కొన్నేండ్ల క్రితం ఆ కథ చెప్పిన ముసలాయన ఒక పెండ్లిలో కనిపిస్తే, "తాతా, పటం ఏడున్నదే?" అని అడిగాను. "ఎవలు వింటున్నరు బిడ్డా! కారుల ఒకాయన వచ్చిండు, అడిగిండు, ఇచ్చిన. ఆ పైసలు రెండు బస్తాల బియ్యానికి అయినయి" అన్నాడు. కొన్నదెవరో, అది ఇప్పుడు ఏ గోడకు వేలాడుతున్నదో ఆయనకు తెలియదు. మా వూరికి అసలే తెలియదు.

అమ్ముకున్నందుకు ఆ ముసలాయనను తప్పుపట్టలేము. ఆకలి ఆకలే. కాని, ఆయన అమ్మదలచుకున్నప్పుడు న్యాయమైన ధర ఇచ్చి, పేరు రాసుకొని, నలుగురూ చూసేచోట దానిని వుంచే సంస్థ ఒకటి వుంటే ఎంత బాగుండేది? ఆ పని ఎవరు చేయాలి? విశ్వవిద్యాలయాలు చేయాలని నా అభిప్రాయం. వింతగా తోచవచ్చు గాని, ఆ పని చేసి చూపిన ఒక విశ్వవిద్యాలయం కథ ఈమధ్య చదివాను. అది బ్రెజిల్ దేశంలోని సావో పాలో విశ్వవిద్యాలయం. నేను అక్కడికి వెళ్ళినవాడిని కాను. చదివి తెలుసుకున్నది మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

సావో పాలో కాఫీ తోటలతో బాగుపడి, ఆ పైన ఫ్యాక్టరీలతో పెరిగిన నగరం. అక్కడ ఫ్రాన్సిస్కో మతరాజ్జో సోబ్రిన్యో అనే పారిశ్రామికవేత్త 1948లో తోటివారితో కలిసి ఒక ఆధునిక కళా మ్యూజియం పెట్టాడు. 1951 నుంచి ప్రపంచ దేశాల చిత్రకారులను పిలిచి రెండేండ్లకొకసారి పెద్ద ప్రదర్శన కూడా జరిపించాడు. కాని దానిని నడపడం భారమైంది, సభ్యులలో తగవులు వచ్చాయి. చివరకు 1963లో బొమ్మలన్నింటినీ, తన సొంత సేకరణతో సహా, ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి అప్పగించాడు. పాత సభ్యులు కొందరు ఇది అన్యాయమని గొడవ చేసి, పాత మ్యూజియాన్ని తిరిగి నిలబెట్టుకున్నారు. అయినా బొమ్మలు విశ్వవిద్యాలయం దగ్గరే వుండిపోయాయి. సమకాలీన కళా మ్యూజియం అట్లా పుట్టింది. ఒక ధనికుని గోడకు వేలాడవలసినవి ప్రజల ఆస్తి అయినాయి.

ఆ ఆస్తి తక్కువదేమీ కాదు. ఇటలీ శిల్పి ఉంబెర్తో బొచ్చోని 1913లో చేసిన నడిచే మనిషి బొమ్మ ఒకటి ఈనాడు ఇటలీ 20 సెంట్ల నాణెం మీద కనిపిస్తుంది. దానికి మూలమైన సున్నపు బొమ్మ వున్నది ఈ విశ్వవిద్యాలయంలోనే. మోదిల్యాని అనే చిత్రకారుడు చనిపోవడానికి కొద్దికాలం ముందు, 1919లో, తన బొమ్మను తానే గీసుకున్నాడు. అదీ ఇక్కడే వున్నది. మొత్తం సుమారు 10,000 కళాఖండాలు అక్కడ వున్నాయి.

అయితే నన్ను ఆలోచింపజేసినవి ఈ ఖరీదైన బొమ్మలు కావు. తర్సీలా దో అమరాల్ అనే చిత్రకారిణి 1923లో గీసిన ఒక నల్లజాతి స్త్రీ బొమ్మ. తర్సీలా కాఫీ తోటల ఆసాముల ఇంట్లో పుట్టిన మనిషి. ఆమె పుట్టిన రెండేండ్లకు, 1888లో గాని ఆ దేశంలో బానిసత్వం రద్దు కాలేదు. ఆసాముల పిల్లలకు పాలిచ్చి పెంచింది ఈ నల్లజాతి తల్లులే. పెద్ద పెద్ద చేతులతో, బరువైన రొమ్ముతో, అరటాకు ముందు కూర్చున్న ఆ తల్లిని ఇవాళ ఆ దేశపు పిల్లలు వచ్చి చూస్తున్నారు. తోటలో చాకిరీ చేసిన మనిషికి విశ్వవిద్యాలయంలో గోడ దొరికింది.

మ్యూజియానికి మొదటి డైరెక్టరు వాల్టర్ జనీని. 1963 నుంచి 1978 దాకా ఆయనే నడిపాడు. ఆ కాలంలో చాలా భాగం దేశంలో సైనిక పాలన. అయినా ఆయన తాళాలు కాపాడుతూ కూర్చోలేదు. బొమ్మలను సర్ది ఇతర పట్టణాలకు పంపి ప్రదర్శనలు పెట్టించాడు. పేరు లేని కుర్రవాళ్ళకు ఏటా ప్రదర్శనలు జరిపించాడు. 1972లో మ్యూజియం నేలను మన ఇండ్ల స్థలాల మాదిరిగా ముక్కలుగా విభజించి, చీటీలు తీసి చిత్రకారులకు పంచిపెట్టాడు. పేరున్నవాడు, లేనివాడు అన్న తేడా లేదు. ఎవరి ముక్కలో వారు జనం కళ్ళెదుటనే పని చేశారు. 1974లో అయితే అనేక దేశాల కళాకారులు తమ పనులను పోస్టులో పంపితే వాటితోనే ప్రదర్శన నిర్వహించాడు. స్వేచ్ఛగా తిరగలేని దేశాల నుంచి కూడా కవర్లు వచ్చాయి. వాటిని పారవేయకుండా దాచడం వల్ల ఆ కాలం చరిత్రకు అవే ఇప్పుడు సాక్ష్యాలు.

ఇక ఆ మ్యూజియం ఇల్లు. దాని కథ రైతులు వినదగినది. మొదట్లో పరాయి భవనంలో ఒక అంతస్తులో తలదాచుకున్నది. 1992లో విశ్వవిద్యాలయం ఆవరణలో కొంత చోటు దొరికింది. 2012లో గాని పెద్ద భవనం తలుపులు తెరుచుకోలేదు. దానం పుచ్చుకున్న తరువాత సరియైన ఇల్లు దొరకడానికి దాదాపు 50 ఏండ్లు పట్టిందన్నమాట. ఆ పెద్ద భవనం 1954లో సావో పాలో నగరం 400 ఏండ్ల పండుగకు ఆస్కార్ నీమయర్ గీసిన నమూనాతో వెలసిన భవనాలలో ఒకటి. దానిని కట్టింది వ్యవసాయ శాఖ కోసం. తరువాత అది రవాణా శాఖ కార్యాలయమైంది, జనం బండి లైసెన్సుల కోసం అక్కడ క్యూలు కట్టారు. ఇప్పుడు అదే భవనంలోకి టికెట్టు లేకుండా బొమ్మలు చూడటానికి వెళ్తున్నారు.

ఇదంతా చదివినవారు రెండు ప్రశ్నలు వేస్తారు. బోర్లు ఎండిపోతుంటే, కాలేజీలలో అధ్యాపకుల ఖాళీలు నిండకుంటే బొమ్మలకు డబ్బా, అన్నది మొదటిది. ఇది న్యాయమైన ప్రశ్న. విశ్వవిద్యాలయం ముందుగా పాఠం చెప్పవలసిందే. కాని పటం అమ్ముడుపోవడానికి కారణమూ పేదరికమే. మన దగ్గర డబ్బు లేనప్పుడే మన వస్తువులు చౌకగా వెళ్ళిపోతాయి. తిరిగి కొనాలంటే పదింతలు పెట్టినా దొరకవు. పైగా పది నకాషీ పటాలు, నాలుగు చిత్రాలు కొని ఒక గదిలో పెట్టడానికి కోట్లు అక్కరలేదు.

రెండవ ప్రశ్న: ఈకాలపు బొమ్మలు మన పల్లెవాళ్ళకు ఏం అర్థమవుతాయి? దీనికి జవాబు ఆ కూనపులి తాత చేతికర్రలో వున్నది. ఆయన పటంలోని మనుషులు ఫోటోలోని మనుషుల్లా వుండేవారా? కన్ను చెవి దాకా, నేలంతా ఎరుపు! అయినా అర్థం కాలేదని మా వాడలో ఒక్కరూ లేచి పోలేదు. ఎందుకంటే పక్కన చెప్పేవాడు వున్నాడు. బొమ్మ వొక్కటే అయితే మూగది. చెప్పేవాడు వుంటేనే అది మాట్లాడుతుంది. ధనికుని ఇంట్లో బొమ్మ వుంటుంది, చెప్పేవాడు వుండడు. విశ్వవిద్యాలయంలో చదివి చెప్పే గురువు వుంటాడు, ఏటేటా కొత్తగా వినవచ్చే విద్యార్థులు వుంటారు. అందుకే మ్యూజియం అక్కడ వుండాలంటున్నాను. సావో పాలోలో 1987 నుంచి 1993 దాకా డైరెక్టరుగా వున్న అనా మే బార్బోజా కూడా ఈ దారినే నడిచారు. బొమ్మను చూడాలి, చేతితో చేసి చూడాలి, దాని చరిత్ర తెలుసుకోవాలి, ఈ మూడూ కలిస్తేనే నేర్పినట్లు అన్నది ఆమె పద్ధతి.

మనకు చూపడానికి సరుకు లేదా? సిద్దిపేట కాపు రాజయ్యగారు (1925–2012) డ్రాయింగు మాస్టారుగా పని చేస్తూ మన బోనాలను, బతుకమ్మను గీశారు. పూర్వపు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు బరోడా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, మన వూరి మనుషులను, మేకలను ప్రపంచానికి చూపించారు. ఆ బొమ్మలలో వున్నది మనం. చూస్తున్నది ఎక్కడెక్కడివారో. మన మండలంలో ఎంతమంది పిల్లలు వాటిని కండ్లారా చూశారు? మా వూరి హైస్కూలులో నేను అడిగితే ఒక్క చెయ్యి లేవలేదు.

కనుక చిత్రకళ నేర్పే మన విశ్వవిద్యాలయాల పెద్దలకు, మన ప్రజాప్రతినిధులకు మూడు విన్నపాలు. ఒకటి, ఈనాడు పని చేస్తున్న నకాషీల పనిని, మన ప్రాంతపు చిత్రకారుల పనిని న్యాయమైన ధరకు కొని భద్రపరచాలి. గీసినవారి పేరుతో పాటు కథ చెప్పేవారి పేరు రాయాలి, ఆ కథను గొంతుతో సహా రికార్డు చేయాలి. రెండు, ఆ గదికి టికెట్టు వుండరాదు, ఆదివారం తాళం వుండరాదు. కూలికి పోయేవారికి తీరిక దొరికేది ఆనాడే. మూడు, కొన్ని బొమ్మలను, కనీసం వాటి మంచి నకళ్ళనైనా పెట్టెలో సర్ది, చెప్పడానికి ఒక విద్యార్థిని తోడిచ్చి, ఏడాదికి ఒక్కసారి మండల హైస్కూళ్ళకు పంపాలి. సావో పాలోవారు 1960లలోనే వూరూరికీ పంపగలిగినప్పుడు, ఇంత రోడ్డు సౌకర్యం వున్న మనం పంపలేమా?

పద్మశాలీ సంఘాలు, గౌడ సంఘాలు, యాదవ సంఘాలు కూడా ఆలోచించాలి. మీ కుల పురాణాల పటాలు ఇంకా ఎవరి ఇండ్లలో వున్నాయో ముందు మీరే లెక్క రాసి పెట్టండి. కారు వచ్చిన తరువాత రాసే లెక్కతో ప్రయోజనం లేదు.

మా కూనపులి తాతకు ఆ కథ ఇంకా నోటికి వున్నది. పెండ్లిలో రెండు చరణాలు పాడి వినిపించాడు. చేతికర్ర మాత్రం గాలిలో ఎక్కడ చూపాలో తెలియక ఆగిపోయింది. ఆయన వుండగానే ఎవరైనా వచ్చి ఆ గొంతునైనా రికార్డు చేస్తే బాగుంటుంది.