పాపమూ కాదు, పుణ్యమూ కాదు

మొన్న భూపాలపల్లి దగ్గర మా బంధువుల ఇంటికి వెళ్లాను. పక్కింటి ఇల్లాలు మాటల్లో కలిసింది. ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు తలుపు చాటు నుంచి తొంగి చూస్తోంది. "బడికి పంపడం లేదా?" అని అడిగాను.

"ఏం బడి అక్కా! దానికి అక్షరం నిలవది. మా అత్తమ్మ నువ్వేం పాపం చేసినవో అంటది. నిరుటి దాంక ఒక టీచరమ్మ ఇంటికొచ్చి నేర్పేది. ఇది గుండీలు పెట్టుకుంటుందంటే ఆమె పుణ్యమే. ఆమె వేరే మండలం పోయింది. ఇంక ఎవ్వలూ వస్తలేరు."

గుండీ పెట్టుకోవడం ఎలా నేర్పిందని అడిగాను. మొదట టీచరే గుండీని సగం దాకా దూర్చి, అవతలికి లాగే పనొక్కటే పిల్లకు వదిలేదట. అది వచ్చాక దూర్చడం, ఆ తర్వాత పట్టుకోవడం. వెనక నుంచి ముందుకు, మెట్టు మెట్టుగా!

ఇది ఓపిక ఒక్కదానితో వచ్చేది కాదండీ. చదువుకుని నేర్చుకున్న విద్య. సికింద్రాబాదులో 1984 నుంచి జాతీయ సంస్థే ఉంది ఇలాంటి విద్య నేర్పడానికి. ప్రత్యేక ఉపాధ్యాయులు పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలని 1992లో చట్టమూ వచ్చింది. మన మండలాల్లో భవిత కేంద్రాలు నడిపేది, కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పేది వీళ్లే.

మరి వీళ్ల సంగతేమిటి? ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక బడుల్లో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లుండాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. పోస్టులు ప్రకటించండని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మన దగ్గర మాత్రం ఏళ్ల తరబడి ఒప్పంద కొలువుల్లోనే నెట్టుకొస్తున్నారు. 2024 డిసెంబరులో సమగ్ర శిక్షా ఉద్యోగులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగింది అందుకే. టీచరు కొలువు నిలకడగా లేకపోతే పిల్ల చదువు నిలకడగా ఎలా ఉంటుంది? మాట సరిగా రాని పిల్లకు కొత్త మనిషి చేరువ కావాలంటే నెలలు పడుతుంది. ఆ నెలల్లో నేర్చుకున్నది కాస్తా మరిచిపోతుంది.

పుణ్యం అన్నామంటే, చేస్తే చేస్తారు, మానితే మానేస్తారు. అడగడానికి మనకు నోరు రాదు. అదే ఉద్యోగం అంటే జీతం అడిగే హక్కు ఆమెకుంటుంది, టీచరును అడిగే హక్కు తల్లికుంటుంది. 2016 నాటి చట్టం ప్రకారం నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువు చెప్పాల్సిందే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి చేర్చుకోం అనకూడదు. సమగ్ర శిక్షా కింద ఇలాంటి ఆడపిల్లలకు ఏడాదిలో పదినెలలు, నెలకు 200 రూపాయల ఉపకారవేతనమూ ఉంది.

మీ వాడకట్టులో ఇలాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లిని వెంటబెట్టుకుని మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లండి. భవిత కేంద్రం ఎక్కడ, టీచరు ఎప్పుడొస్తారు అని అడగండి. కాగితం మీద రాసివ్వండి. ఒక్కతే వెళితే "రేపు రా" అంటారు. నలుగురం వెళితే కుర్చీ వేస్తారు.

బిడ్డ అలా పుట్టడం తల్లి చేసిన పాపం కాదు. ఆ బిడ్డకు చదువు చెప్పడం టీచరమ్మ చేసే పుణ్యమూ కాదు. ఈ రెండు మాటలూ ముందు మన ఇళ్లలోంచి పోవాలి. ఏమంటారు?