రెండెకరాల కాఫీ తోటకి జీఎస్టీ నంబరు కావాలా?



ఈ సీజన్‌లో మన ఏజెన్సీ సంతల్లో ఒక మాట తిరుగుతోంది. మిరియాలు తీసుకెళ్తే షావుకారు "మీకు జీఎస్టీ నంబరు లేదు కదా, రేటు తగ్గించి ఇస్తా" అంటున్నాడు. ఇంకోపక్క ఆధార్, పాన్ కార్డులిస్తే నంబరు తెప్పిస్తామని ఊళ్లోకి మనుషులొస్తున్నారు. "చదువుకున్నోళ్లు కదా, తీసుకోవాలా వద్దా మీరే చెప్పండి" అని ఇంట్లో పెద్దోళ్లు మనల్ని అడుగుతున్నారు.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. సొంత పంట అమ్ముకునే రైతుకి వద్దు. కలిసి వ్యాపారం చేయాలనుకునే మనలాంటి కుర్రాళ్లకి మాత్రం ఏదో ఒకరోజు అవసరం పడుతుంది.

ఎందుకంటే, జీఎస్టీ చట్టం సెక్షన్ 23 ప్రకారం తన భూమిలో పండిన పంట అమ్మే రైతు రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. సొంతంగా గానీ, ఇంటివాళ్లతో గానీ, దగ్గరుండి కూలీలతో గానీ సాగు చేస్తే చాలు. వేయించని కాఫీ గింజల మీద పన్నే లేదు. మిరియాలు పచ్చివైనా ఎండువైనా, రైతే అమ్మితే జీఎస్టీ పడదని 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టంగా చెప్పింది. పొట్టు తీయని జీడిపిక్కలు రైతు దగ్గర కొంటే, పన్ను కట్టాల్సింది కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే. మరి నంబరు లేదని మన రేటు కోయడం ఏం న్యాయం?

నంబరు ఊరికే వస్తుంది, నిజమే. కానీ తర్వాత ఏమీ అమ్మకపోయినా రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే అమ్మకాలు లేనివాళ్లకి కూడా రోజుకి 20 రూపాయలు లేట్ ఫీజు. సిగ్నల్ కోసం కొండెక్కే ఊళ్లలో ఇది ఎవరు వేస్తారు? ఇంకో ప్రమాదం, మన కార్డులతో నంబరు తీసి దొంగ బిల్లులు రాస్తే నోటీసు వచ్చేది మన నాన్న పేరు మీదే. అందుకే కార్డులు, ఓటీపీలు ఎవరికీ ఇవ్వొద్దని ముందు ఇంట్లో చెప్పండి.

ఇక రెండో సంగతి. పక్కోళ్ల గింజలు కూడా కొని, వేయించి, పొడి చేసి, ప్యాకెట్ కట్టి అమ్మితే మనం రైతులం కాదు, వ్యాపారులం. అప్పుడు లెక్క వేరే. సరుకు అమ్మకాలు ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. కాఫీ పొడిలాంటి పన్ను పడే సరుకు మనమే బిల్లు వేసి వేరే రాష్ట్రానికి పంపితే, అమ్మకం ఎంత తక్కువైనా నంబరు కావాల్సిందే. అలాంటప్పుడు భయపడి ఆగిపోవద్దు. నంబరుంటే పెద్ద కొనుగోలుదారుకి నేరుగా బిల్లు ఇవ్వొచ్చు, మధ్యలో షావుకారు అక్కర్లేదు. రిటర్న్‌లు వేసే పని మనలో కామర్స్ చదివినోళ్లు నేర్చుకోవాలి.

కాబట్టి నంబరు తీసుకునే ముందు ఒకటే ప్రశ్న వేసుకుందాం: అమ్ముతున్నది మన చేను పంటా, మన వ్యాపారమా? పంటైతే, ఈసారి సంతకి మన పెద్దోళ్ల వెంట మనమే వెళ్లి ఈ మాట షావుకారుతో చెప్దాం. మీ సంతలో ఎంత కోస్తున్నారో కింద రాయండి.

జై ఆదివాసీ.